సంతకం ఉన్న బేస్‌బాల్ కొనాలా? ఏ సర్టిఫికెట్‌ని ఎంతవరకు నమ్మాలి

అమెరికాలో స్థిరపడ్డ మన ఇళ్లలో పిల్లలు క్రికెట్‌తో పాటు బేస్‌బాల్‌కీ అలవాటు పడుతున్నారు. డాలస్ వైపు టెక్సస్ రేంజర్స్, బే ఏరియాలో జెయింట్స్, న్యూజెర్సీ వైపు న్యూయార్క్ జట్లు యాంకీస్, మెట్స్. పుట్టినరోజుకో, గ్రాడ్యుయేషన్‌కో ఇష్టమైన ఆటగాడి సంతకం ఉన్న బాల్ కొనిద్దామని వెతికితే, ఒకే ఆటగాడి బాల్ ఒకచోట చవగ్గా ఉంటుంది, ఇంకోచోట దానికి మూడు నాలుగింతలు చెబుతారు. రెండింటికీ సర్టిఫికెట్ ఉంటుంది, రెండింటి మీదా మెరిసే స్టిక్కర్ ఉంటుంది. ఏది కొనాలో తెలియక టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఈ మార్కెట్లో దొరికే దారులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. నా వరకు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆటగాడు సంతకం పెడుతుంటే ఎవరు చూశారు? దీనికి దొరికే జవాబు ఎంత గట్టిదో మీ డబ్బు అంత భద్రం.

ఇంత అనుమానం ఎందుకు

1990ల చివర్లో ఎఫ్‌బీఐ శాన్‌డియాగో కేంద్రంగా 'ఆపరేషన్ బుల్‌పెన్' నడిపింది. దొంగ సంతకాలు పెట్టేవాళ్లు, వాటికి సర్టిఫికెట్లు అచ్చువేసేవాళ్లు, అమ్మిపెట్టే డీలర్లు అంతా ఒక ముఠాగా పనిచేస్తున్నారని అందులో బయటపడింది. పట్టుబడిన సరుకులో మదర్ థెరిసా పేరుతో సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది. ఆ రోజుల్లోనే శాన్‌డియాగో పాడ్రేస్ స్టార్ టోనీ గ్విన్, తన సంతకమంటూ అమ్ముతున్న నకిలీ వస్తువులను సొంత జట్టు షాపులోనే గుర్తుపట్టాడు. జట్టు షాపుకే తెలియకుండా నకిలీలు చేరాయంటే మామూలు కొనుగోలుదారు కంటికి అవి తెలియడం దాదాపు అసాధ్యం. కాబట్టి 'చూస్తే అసలులాగే ఉంది' అన్న మాటకి ఇక్కడ ఏ విలువా లేదు.

ధర దేన్నిబట్టి ఉంటుంది

మొదటిది సాక్ష్యం. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

రెండోది లభ్యత. చాలామంది పొరబడేది ఇక్కడే. గొప్ప ఆటగాడి సంతకమైతే ధర ఎక్కువే ఉంటుందనుకుంటారు. పీట్ రోజ్‌ని తీసుకోండి. అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ)లో అందరికంటే ఎక్కువగా 4,256 హిట్లు కొట్టినవాడు. కానీ బేస్‌బాల్ మీద బెట్టింగ్ చేసి నిషేధం పడ్డాక ఏళ్ల తరబడి లాస్ వేగస్‌లో కూర్చుని అభిమానులకు సంతకాలు పెట్టాడు. అందుకు క్షమాపణ రాసి మరీ సంతకం చేసిన బాల్స్ కూడా అమ్మాడు. సరుకు అంత విస్తారంగా ఉంది కాబట్టి అతని బాల్ సామాన్యులకు అందే ధరలోనే దొరుకుతుంది. దీనికి పూర్తిగా అవతలి కొసలో ఉన్నవాడు పాతకాలపు ఆటగాడు 'షూలెస్' జో జాక్సన్. అతనికి చదువు రాదు, పేరు రాయడమే కష్టం. చాలా ఉత్తరాలకు భార్య కేటీ సంతకం పెట్టేది. అందుకే అతను స్వయంగా సంతకం చేసిన ఒక ఫొటో 2021లో వేలంలో 14.7 లక్షల డాలర్లు పలికింది.

మూడోది బాల్, పెన్ను, సంతకం పెట్టిన చోటు. రెండు కుట్ల వరుసలు బాగా దగ్గరకొచ్చే, ముద్ర లేని ఖాళీ జాగాని 'స్వీట్ స్పాట్' అంటారు. ఒక్క ఆటగాడే అక్కడ నీలం బాల్ పాయింట్ పెన్నుతో పెట్టిన సంతకానికే గిరాకీ. షార్పీ లాంటి మార్కర్ సిరా తోలులో ఇంకి అంచులు పాకిపోతాయి కాబట్టి విలువ తగ్గుతుంది. 'ఫలానా వాళ్లకి ప్రేమతో' అని పేరు రాయించుకుంటే అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. 'హాల్ ఆఫ్ ఫేమ్' (మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవం) అని, అందులో చేరిన ఏడాదితో పాటు రాస్తే పెరుగుతుంది. పిల్లవాడి పేరు రాయించడం తప్పని నేను అనను. అమ్మే ఉద్దేశం లేనప్పుడు ఆ పేరే దానికి అందం.

ఇంకో సంగతి. సంతకం ఉన్న బాల్ వేరు, ఆటలో వాడిన బాల్ వేరు. 2024లో షోహేయ్ ఓటానీ ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి), 50 స్టోలెన్ బేస్‌లు (బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) పూర్తిచేసినప్పటి 50వ హోమ్ రన్ బాల్ దాదాపు 44 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ ధర సంతకానిది కాదు, ఆ బాల్ చరిత్రది. రెండూ కలిసిన సందర్భాలూ ఉన్నాయి. 1933లో మొట్టమొదటి ఆల్ స్టార్ గేమ్‌లో బేబ్ రూత్ కొట్టిన హోమ్ రన్ బాల్, ఆయన సంతకంతో సహా, 2006లో 8,05,000 డాలర్లు పలికింది. అమ్మేవాళ్లు ఈ రెండు రకాలను కలిపేసి మాట్లాడుతుంటే ఆగి, ఏది దేనికి రుజువో విడదీసి అడగండి.

ఒక్క చూపులో

| దారి | సంతకం పెడుతుంటే చూసిందెవరు | ఖర్చు | తిరిగి అమ్మడం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఎంఎల్‌బీ హోలోగ్రాం ఉన్న బాల్ | లీగ్ నియమించిన సాక్షి | ఎక్కువ | తేలిక | బహుమతికి, ఇప్పటి ఆటగాళ్లకి |
| పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ (సంతకాలు పరీక్షించే సంస్థలు) | ఎక్కువసార్లు ఎవరూ చూడరు, నిపుణుల అభిప్రాయం మాత్రమే | మధ్యస్థం | తేలిక | రిటైరైన ఆటగాళ్లకి, సేకరణకి |
| స్టేడియంలో మీరే తీసుకున్నది | మీరు | టికెట్ ఖర్చే | పరీక్ష చేయించకపోతే కష్టం | జ్ఞాపకం కోసం |
| పేరున్న వేలం సంస్థలో పాత బాల్ | ఎవరూ లేరు. బాల్ చరిత్ర, నిపుణుల లెటర్లే ఆధారం | చాలా ఎక్కువ | తేలికే, కమీషన్ పోతుంది | పెద్ద మొత్తం పెట్టేవాళ్లకి |
| షాపు సొంత సర్టిఫికెట్ | అమ్మేవాడి మాట | తక్కువ | దాదాపు కుదరదు | ఎవరికీ వద్దు |

ఎంఎల్‌బీ హోలోగ్రాం

ఆపరేషన్ బుల్‌పెన్ తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో సొంత ధ్రువీకరణ పద్ధతి మొదలుపెట్టింది. ప్రతి మ్యాచ్‌కీ లీగ్ తరఫున ధ్రువీకర్తలు వస్తారు. వీళ్లలో ఎక్కువమంది పోలీసు శాఖల్లో పనిచేస్తున్నవాళ్లో, రిటైరైనవాళ్లో. తమ కళ్లముందు జరిగినదానికే వాళ్లు హోలోగ్రాం, అంటే మెరిసే నంబరు స్టిక్కర్, అంటిస్తారు. పాత బాల్ పట్టుకెళ్లి 'దీన్ని చూసి చెప్పండి' అంటే ఒప్పుకోరు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న బలమంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది.

హోలోగ్రాం మీద అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. దాన్ని లీగ్ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలు వస్తాయి. నంబరు దొరికిందని సంతోషపడి వదిలేయకండి, వచ్చిన వివరణ మొత్తం చదవండి. 'ఆటలో వాడిన బాల్' అని మాత్రమే ఉంటే ఆ హోలోగ్రాం ఆటకే రుజువు. దాని మీది సంతకం తర్వాత ఎవరో పెట్టి ఉండొచ్చు. ఆ ఆటగాడి పేరు, సంతకం చేసిన బాల్ అన్న మాట వివరణలో ఉండాలి. అసలు హోలోగ్రాం ఉన్న మామూలు గేమ్ బాల్ కొని, దాని మీద దొంగ సంతకం గీసి అమ్మడం ఎవరికైనా తట్టే ఆలోచనే. అందుకే దీన్ని ఇంత నొక్కి చెబుతున్నాను.

దీనికున్న లోటు, 2001కి ముందు సంతకాలు దొరకవు. ధర కూడా మిగతావాటికంటే ఎక్కువే ఉంటుంది. ఫనాటిక్స్ లాంటి కంపెనీలు ఆటగాళ్లతో ఒప్పందం చేసుకుని సంతకాలు చేయించి అమ్మేవి కూడా ఈ కోవలోకే వస్తాయి. అక్కడా సాక్షి ఉంటాడు.

పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్

సంతకం ఎప్పుడో పెట్టేశారు, చూసినవాళ్లెవరూ లేరు. అలాంటప్పుడు అక్షరాల పొందిక, చేతివేగం, సిరా, ఆ ఆటగాడి సంతకం ఏ వయసులో ఎలా మారిందన్నది చూసి నిపుణులు అభిప్రాయం చెబుతారు. ఇది అభిప్రాయమే, హామీ కాదు. తప్పులు జరుగుతాయి. అయినా మార్కెట్ నమ్మేది ప్రధానంగా ఈ మూడు పేర్లనే.

పీఎస్ఏ ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల గ్రేడింగ్‌తో (నాణ్యతకి మార్కులేయడం) 1991లో మొదలై, 1998లో సంతకాల విభాగం పెట్టింది. ఆ విభాగంలో పనిచేసిన జేమ్స్ స్పెన్స్ 2005లో బయటికొచ్చి సొంతంగా పెట్టిందే జేఎస్ఏ. కార్డుల ధరల పత్రికతో పేరు తెచ్చుకున్న బెకెట్ 2016లో సంతకాల రంగంలోకి వచ్చింది. పాతకాలపు బేస్‌బాల్ సంతకాలకి పీఎస్ఏ, జేఎస్ఏ లెటర్లదే పైచేయి. ఖరీదైన పాత బాల్స్‌కి రెండు సంస్థల లెటర్లూ జతచేసి వేలం వేయడం మామూలే. ఇప్పటి ఆటగాళ్ల విషయంలో మూడింటిలో ఏదున్నా ధరలో పెద్ద తేడా ఉండదు. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

వాటిలో ఏ సంస్థ అన్నదానికంటే, ఒకే సంస్థ ఇచ్చే రెండు రకాల ధ్రువీకరణల మధ్య తేడా ముఖ్యం. జేఎస్ఏ ప్రతినిధి ఎదుటే సంతకం చేసిన వస్తువుల స్టిక్కర్ నంబరు చాలాసార్లు 'డబ్ల్యూపీ' లాంటి అక్షరాలతో మొదలవుతుంది. పీఎస్ఏలో ఇలాంటివాటిని 'ఇన్ ద ప్రెజెన్స్' అంటారు, బెకెట్‌లో 'విట్‌నెస్డ్'. ఒకే ధరకి రెండు బాల్స్ దొరికి, ఒకదానికి సాక్షి స్టిక్కర్, ఇంకోదానికి మామూలు స్టిక్కర్ ఉంటే క్షణం ఆలోచించకుండా మొదటిదే తీసుకోండి.

ఇంకో తేడా, చిన్న కార్డు సర్టిఫికెట్‌కీ, పూర్తి లెటర్‌కీ మధ్య ఉంటుంది. పూర్తి లెటర్‌లో ఆ వస్తువు ఫొటో ఉంటుంది. మీ చేతిలోని బాల్ మీద సిరా ఎక్కడ తెగిందో, ఏ అక్షరం కుట్టు దగ్గరికి వచ్చిందో ఫొటోతో పోల్చుకోవచ్చు. చిన్న కార్డుకి సాధారణంగా ఆ వీలు ఉండదు. 2025లో ఇండియానా రాష్ట్రంలో బయటపడ్డ ఒక వ్యాపారి వ్యవహారంలో, నకిలీ సంతకాలతో పాటు నకిలీ హోలోగ్రాముల సంగతీ వెలుగులోకి వచ్చింది. అంటే స్టిక్కర్‌ని కూడా దొంగగా తయారుచేయొచ్చు. నంబరు వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన వివరం ఎదుటి వస్తువుతో సరిపోతోందో లేదో చూసుకోండి. వేల డాలర్ల వస్తువైతే పూర్తి లెటర్ లేకుండా ముట్టుకోవద్దు.

ఫీజు ఆటగాణ్ణిబట్టి మారుతుంది. బేబ్ రూత్ సంతకం పరీక్షకి అయ్యే ఖర్చు, మామూలు ఆటగాడిదానికి అయ్యేదానికంటే చాలా ఎక్కువ. చవక బాల్‌కి పరీక్ష చేయిస్తే ఫీజే బాల్ విలువని మించిపోవచ్చు. ముందు లెక్క వేసుకోండి.

మీరే తీసుకున్న సంతకం

ఆట మొదలయ్యే ముందు, ప్రాక్టీస్ టైమ్‌లో డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) పక్కన రైలింగ్ దగ్గర నిలబడితే కొందరు ఆటగాళ్లు వచ్చి సంతకం పెడతారు. అరిజోనా, ఫ్లోరిడాలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో, సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. చూసింది మీరే కాబట్టి మీకు అనుమానం లేదు. కొనేవాళ్లకి మాత్రం మీ మాట చాలదు, నిపుణుల పరీక్ష చేయించాల్సిందే. ఒక చిన్న జాగ్రత్త: పిల్లాడి చేతికి లీగ్ అధికారిక బాల్, నీలం బాల్ పాయింట్ పెన్ను ఇచ్చి పంపండి. హడావుడిలో మార్కర్ ఇచ్చేస్తే తర్వాత ఏం చేసినా సరిదిద్దలేం.

పాత బాల్స్, వేలం సంస్థలు

రూత్, గెహ్రిగ్, మ్యాంటిల్, క్లెమెంటే లాంటి పాతతరం దిగ్గజాల బాల్ కావాలంటే ఇదే దారి. ఇక్కడ సంతకం కంటే ముందు బాల్‌ని చదవడం నేర్చుకోవాలి. ఈ పని మీరే ఇంట్లో చేయగలరు.

మేజర్ లీగ్‌లో రెండు భాగాలున్నాయి. 1999 వరకు అమెరికన్ లీగ్‌కీ నేషనల్ లీగ్‌కీ వేర్వేరు బాల్స్ ఉండేవి. ప్రతి బాల్ మీద అప్పటి లీగ్ ప్రెసిడెంట్ సంతకం ముద్ర ఉంటుంది. అమెరికన్ లీగ్‌లో విల్ హారిడ్జ్ 1931 నుంచి 1959 దాకా, ఆ తర్వాత జో క్రోనిన్ 1973 దాకా ప్రెసిడెంట్లు. నేషనల్ లీగ్‌లో ఫోర్డ్ ఫ్రిక్ 1934 నుంచి 1951 దాకా, ఆ తర్వాత వారెన్ గైల్స్ 1969 దాకా. 2000 నుంచి ఒకటే బాల్, దాని మీద మొత్తం మేజర్ లీగ్ అధిపతి, అంటే కమిషనర్, బడ్ సెలిగ్ పేరు, 2015 తర్వాత రాబ్ మాన్‌ఫ్రెడ్ పేరు.

ఇప్పుడు లెక్క చూడండి. బేబ్ రూత్ 1948 ఆగస్టులో చనిపోయాడు. ఆయన సంతకం ఉన్న అమెరికన్ లీగ్ బాల్ మీద హారిడ్జ్ ముద్ర ఉంటే కాలం కుదురుతుంది. క్రోనిన్ ముద్ర ఉంటే ఇక ఏ నిపుణుడి దగ్గరికీ వెళ్లక్కర్లేదు, రూత్ పోయి పదేళ్లు దాటాక గానీ క్రోనిన్ ఆ పదవిలోకి రాలేదు. రాబర్టో క్లెమెంటే 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో మరణించాడు. ఆయన బాల్ మీద సెలిగ్ పేరు కనిపిస్తే కథ అక్కడితో ముగిసినట్టే.

పెన్ను కూడా ఇలాగే పట్టిస్తుంది. బాల్ పాయింట్ పెన్ను అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1945 చివర్లో. లౌ గెహ్రిగ్ 1941లోనే చనిపోయాడు కాబట్టి ఆయనది ఫౌంటెన్ పెన్ను సిరా అయ్యుండాలి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. మార్కర్‌తో రూత్ సంతకం అంటే అది అబద్ధమే.

కానీ ఈ పరీక్షలు నకిలీని మాత్రమే పట్టిస్తాయి, అసలుని నిరూపించవు. పాత ఖాళీ బాల్ సంపాదించి దాని మీద పాతకాలపు సిరాతో గీసేవాళ్లున్నారు. అందుకే ఈ స్థాయిలో ఆ బాల్ ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందన్న చరిత్ర, దానికి ఆధారంగా పాత ఫొటో, ఉత్తరం, టికెట్ ముక్క లాంటివి, వాటితో పాటు నిపుణుల పూర్తి లెటర్ కూడా ఉండాలి. హెరిటేజ్ లాంటి పేరున్న వేలం సంస్థలు ఇవన్నీ కేటలాగ్‌లో పెడతాయి. పాడుకున్న ధర మీద కొనుగోలుదారు కమీషన్ 20 శాతం దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. పాటకి దిగేముందే అది కలుపుకోండి.

మొత్తం జట్టు సంతకాలున్న బాల్స్ గురించి ఒక్క మాట. బాల్స్ పెట్టెలు పెట్టెలుగా వస్తుంటే స్టార్ ఆటగాళ్ల బదులు బ్యాట్ బాయ్‌లు, క్లబ్‌హౌస్ సిబ్బంది సంతకం పెట్టేసిన సందర్భాలు పాతరోజుల్లో చాలా ఉన్నాయి. మిగతా సంతకాలన్నీ అసలువైనా, ధరని నిలబెట్టే ఆ ఒక్క పేరు క్లబ్‌హౌస్ సంతకం కావచ్చు. లెటర్‌లో ఆ పేరు గురించి ఏం రాశారో చూడండి.

షాపు సొంత సర్టిఫికెట్

కాలిఫోర్నియాలో డీలర్లు సంతకం వస్తువుతో సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టమే ఉంది. దాంతో సర్టిఫికెట్ అనగానే ప్రభుత్వ ముద్రలాంటిదేదో అనిపిస్తుంది. అది ఆ డీలర్ మాట మాత్రమే, కాగితం ఎంత మందంగా ఉన్నా అంతే. ఫ్రేమ్ కట్టి, ఆటగాడి ఫొటో జతచేసి మాల్‌లో అమ్మేవాటిలో చాలాభాగం ధర ఆ ఫ్రేమ్‌దే. అమ్మేవాణ్ణి 'జేఎస్ఏకి పంపిస్తాను, కాదంటే డబ్బు వెనక్కిస్తారా' అని రాతపూర్వకంగా అడగండి. తటపటాయిస్తే వదిలేయండి.

ఎవరు ఏది తీసుకోవాలి

పిల్లలకి బహుమతి అయితే ఇప్పుడు ఆడుతున్న ఆటగాడిది, ఎంఎల్‌బీ హోలోగ్రాంతో తీసుకోండి. సూపర్‌స్టార్‌ది బడ్జెట్‌కి అందకపోతే అదే జట్టులో పిల్లాడికి నచ్చిన ఇంకో ఆటగాడిది అసలుది కొనండి. చవగ్గా దొరికిన అనుమానపు సూపర్‌స్టార్ బాల్ కంటే అది వెయ్యి రెట్లు మేలు.

రిటైరైన హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లంటే ఇష్టపడేవాళ్లకి మూడు సంస్థల్లో ఒకదాని లెటర్ ఉన్న, స్వీట్ స్పాట్ మీద ఒకే సంతకం ఉన్న బాల్ సరైనది. ఎక్కువగా సంతకాలు పెట్టిన గొప్పవాళ్లని వెతకండి. గొప్పతనం తగ్గదు, ధర తగ్గుతుంది.

పెట్టుబడి కోసం అనుకునేవాళ్లని నేను ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను. ఇప్పటి ఆటగాడు ఇంకో ఇరవై ఏళ్లు సంతకాలు పెడుతూనే ఉంటాడు, గాయాలూ వివాదాలూ ఎప్పుడైనా రావచ్చు. 1998లో మార్క్ మగ్వయర్ కొట్టిన 70వ హోమ్ రన్ బాల్‌ని మరుసటి ఏడాది దాదాపు 30 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. తర్వాత స్టెరాయిడ్ల గొడవతో ఆ రికార్డుకున్న గౌరవమే పడిపోయింది. అయినా పెట్టాలనుకుంటే చనిపోయిన ఆటగాళ్లవి, సంతకాలు తక్కువగా ఉన్నవి, చరిత్ర కాగితాలతో ఉన్నవి మాత్రమే చూడండి.

ఇక ఎస్టేట్ సేల్‌లోనో, పాత యజమాని వదిలేసిన గ్యారేజ్‌లోనో బాల్ ఇప్పటికే చేతికి వచ్చినవాళ్లు ముందు చేయకూడనివి తెలుసుకోవాలి. తడిగుడ్డతో తుడవొద్దు, వెలిసిన అక్షరాల మీద మళ్లీ పెన్ను తిప్పొద్దు, వార్నిష్ పూయొద్దు. భూతద్దంతో చూసి, గీతలు ఒకదాన్నొకటి దాటేచోట సిరా పేరుకుందా, లేక అంతా ఒకే మందంలో అచ్చులా ఉందా గమనించండి. అచ్చు అయితే అది సంతకాలు ముద్రించి అమ్మిన సావనీర్ బాల్. లీగ్ ప్రెసిడెంట్ ముద్ర చదివి కాలం సరిచూసుకోండి. అక్కడిదాకా అన్నీ కుదిరితే, ఫొటోలు చూసి తక్కువ ఫీజుతో ప్రాథమిక అభిప్రాయం చెప్పే సేవ జేఎస్ఏ లాంటి సంస్థల్లో ఉంది, దాన్ని వాడుకోండి. అది అనుకూలంగా వస్తేనే పూర్తి లెటర్‌కి డబ్బు పెట్టండి. ఈలోగా బాల్‌ని ఎండ తగలని, పొడిగా ఉండే చోట ప్లాస్టిక్ క్యూబ్‌లో పెట్టి, ఎక్కడ, ఎవరి దగ్గర్నుంచి, ఏ తేదీన వచ్చిందో రాసిన కాగితాన్ని, రసీదుని దానితోనే ఉంచండి.